ఇరవై మూడో కార్డు

ఇరవై మూడో కార్డు మీద, ఒక గిన్నె నిండా తెల్లగా ఉబ్బిన బియ్యపు గింజల బొమ్మ ఉంది.

"ఇవేమిటో చెప్పండి మద్దిలేటి గారూ," అంది డాక్టర్ ఇందుమతి.

మద్దిలేటి తెరకేసి చూశాడు. గొరిగిన తల మీద జుట్టు అప్పుడప్పుడే గరికలా మొలుస్తోంది. పెదాలు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. పక్క కుర్చీలో కూచున్న అతని భార్య హైమ తన పెదాలు కూడా అలాగే ఆడిస్తోంది. ఆ సంగతి ఆమెకే తెలీదు.

"మ... మరమరాలు."

తెర మూల ఆకుపచ్చ దీపం వెలిగింది. టింగుమని గంట మోగింది.

హైమ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేసింది. నలభై కార్డులూ పూర్తయ్యేసరికి ముప్పై ఒక్క ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. చికిత్స మొదలైన రోజున ఒక్కటీ వెలగలేదు. ఇది నలభై ఒకటో రోజు. రోజుల్ని ఆమె తన చిన్న డైరీలో గీతలు పెట్టి లెక్కేసుకుంటోంది. మంచి రోజుకి గీత పక్కన పువ్వు వేస్తుంది. ఈరోజుకి మూడు పువ్వులు వేయాలనుకుంది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మం దగ్గర అత్తగారు సుంకులమ్మ స్టీలు డబ్బా పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ముఖంలో వెలుగు లేదు.

"మీకు సంతోషంగా లేదేటి అత్తమ్మా? ముప్పై ఒకటండీ!"

"ఉంది మ్మా, యాల ఉండదు." సుంకులమ్మ కొడుకు వైపు చూసింది. "వాడు వాటిని బొరుగులంటాడు. మాటలొచ్చిన కాడ్నుంచి బొరుగులనే అన్యాడు. నీ మాట వాని నోట్లోకి యాడ్నుంచి వచ్చె?"

"నా దగ్గర్నుంచే వచ్చుంటాది," అని నవ్వేసింది హైమ. నవ్వుతుండగానే ఎందుకో వీపు మీద చల్లటి చెయ్యి వేసినట్టయింది.

వాళ్ళిద్దరి ప్రేమ మొదలైందే ఆ మాట దగ్గర. విజయనగరం నుంచి నంద్యాల భూసార పరీక్ష కేంద్రానికి కొత్త ఉద్యోగానికి వచ్చిన హైమకి మొదటిరోజున పక్క బల్ల ఖాళీగా కనిపించింది. ఆ బల్ల మనిషి అరగంట ఆలస్యంగా వచ్చాడు. "పేరు మద్దిలేటి అండి," అన్నాడు. పేరులోనే లేటు ఉందనుకుంది హైమ. ఇంకోటి కూడా అనుకుంది. పళ్ళు కాస్త ఎత్తు. పర్లేదు, నవ్వితే బాగున్నాడు. ఈ రెండో మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా.

ఆ సాయంత్రం అతను ఇంటి నుంచి తెచ్చిన ఉగ్గాని పెడితే, "మరమరాలతో ఉప్మానా!" అంది. "మరమరాలేంది మే? పాము పాకినట్టుంది ఆ మాట. బొరుగులు," అన్నాడు. అప్పట్నుంచి అతను తన ఊరి పద్ధతిలో ఆమెని 'మే' అని పిలవడం, ఆమె అతన్ని 'లేటు గారూ' అనడం. ముందుగా ఎవరు అవతలివాళ్ళ మాట వాడితే వాళ్ళు నెల్లాళ్ళు అంట్లు తోమాలని పందెం వేసుకున్నారు. పెళ్ళయ్యాక వంటింట్లో అవి పోసిన డబ్బాకి రెండు పేర్లతో రెండు చీటీలు అంటించారు. పెళ్ళయి డెబ్బై ఒక్క రోజులు. ఎర్ర బకెట్టు కొన్న రోజు, ఒకే గొడుగులో తడిసిన రోజు, కుక్కర్ విజిళ్ళు లెక్కపెడుతూ మాటల్లో పడి పప్పు మాడ్చిన రోజు. ఆ డెబ్బై ఒక్క రోజుల్లో పందెం ఎవరూ ఓడలేదు.

డెబ్బై రెండో రోజున, మలుపులో లారీ ఒలకబోసిన ఇసుక మీద మద్దిలేటి బండి జారింది. తలకి హెల్మెట్ ఉంది. గడ్డం కింద బకిల్ మాత్రం పెట్టుకోలేదు.

ఊరికి దూరంగా, కొండవాలున ఉన్న ఈ పరిశోధనా కేంద్రానికి అతన్ని తెచ్చినప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి గాని వాటి వెనక ఎవరూ ఉన్నట్టు లేదు. ఇందుమతి వాళ్ళకి మొదట ఒక జంటని చూపించింది. పదవీ విరమణ చేసిన ఒక హెడ్మాస్టరు గారు, ఆయన భార్య. పక్షవాతం కాదు, తలకి దెబ్బే. ఇదే చికిత్సతో లేచి తిరుగుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి కాఫీ గ్లాసు ఎత్తారు, ఒకేసారి దించారు, ఒకే పక్క మూతి తుడుచుకున్నారు. వెళ్ళబోతూ మాస్టారు చుట్టూ చూసి, "మాస్టారేరీ? మాస్టారు ఎక్కడ?" అన్నాడు. భార్య గలగలా నవ్వింది. "ఈయనకెప్పుడూ వేళాకోళమే!" అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. ముసలితనంలో మేమిద్దరం కూడా ఇలాగే ఉంటాం అనుకుని మురిసిపోయింది.

చికిత్సకి 'అల్లిక' అని పేరు. సన్నటి తీగలు నేసిన టోపీలు రెండు. ఒకటి రోగికి, ఒకటి అతని తోడుకి. తడిగుడ్డలా చల్లగా ఉండే ఆ టోపీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, హైమ జ్ఞాపకం చేసుకోవాలి. ఊరికే కాదు, వాసనతో, రంగుతో, వేడితో సహా. ఆమె మెదడులో లేచిన అలని యంత్రం అందుకుని, అదే తాళంలో అతని మెదడుని తడుతుంది. తెగిన దారాలు ఆ తాళాన్ని పట్టుకుని మళ్ళీ ముడిపడతాయి.

"ఆయన తీగ. మీరు పందిరి," అంది ఇందుమతి. "తొంభై రోజుల వరకు అల్లిక పచ్చిగా ఉంటుంది, కావాలంటే విప్పేయొచ్చు. ఆ తర్వాత ముదిరిపోతుంది. ఇక ఎవరూ విప్పలేరు."

మొదట తల్లినే కూచోమన్నారు. సుంకులమ్మ ఆ టోపీని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "నాకట్లాంటివి భయం మ్మా. నువ్వు సదువుకున్నెదానివి. నువ్వే కూచో." ఆవిడ తన పద్ధతి తాను మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం కొడుకు ఎడమ అరచేతిలో గుప్పెడు బొరుగులు పోసి, ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేయమనేది. వేళ్ళకి బలం వస్తుందని.

హైమ అల్లింది. గొడుగు ఇచ్చింది, ఎర్ర బకెట్టు ఇచ్చింది, మాడిన పప్పు వాసన ఇచ్చింది. డెబ్బై ఒక్క రోజులూ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి ఇచ్చింది. మద్దిలేటి లేచి కూచున్నాడు. నడిచాడు. చికిత్సలో యాభై ఎనిమిదో రోజున, అతను అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకుంటుంటే హైమ తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతను బ్రష్ ఆపి అద్దంలోకి చూశాడు. చూస్తూ చిరునవ్వు నవ్వాడు.

"పళ్ళు కాస్త ఎత్తు," అన్నాడు మెల్లిగా. "పర్లేదు. నవ్వితే బాగున్నాడు."

తువ్వాలు హైమ చేతిలోంచి జారి తడి నేల మీద పడింది.

అద్దంలో ఉన్న మనిషి వైపు అతను చూస్తున్న చూపు ఆమెకి బాగా తెలుసు. ఆ చూపు ఆమెదే. తర్వాత అతను ఎడమ చెయ్యెత్తి, భుజం మీద లేని జడని వెనక్కి వేసుకున్నాడు.

ఆరోజు డైరీలో పువ్వు వేయలేదు. గీత కూడా వంకరగా వచ్చింది. అలసట అయి ఉంటుందనుకుంది. చూసిన వాటిని అనుకరించడం మామూలేనని ఇందుమతి అంది. అయినా హైమకి అతని గదిలోకి వెళ్ళాలంటే గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఊపిరి బిగబట్టుకోవడం అలవాటైంది. ఏం కనబడుతుందో అని భయం. కనబడితే ఎవరు కనబడతారో అని భయం.

అరవై ఆరో రోజున ధైర్యం చేసి అడిగింది. "మన పెళ్ళి గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదూ?" అతని ముఖం విచ్చుకుంది. "తెర దించారు. ఎదురుగా ఆయన. బాసికం ఓ పక్కకి జారిపోయింది. నాకు నవ్వు ఆగలేదు. జీలకర్రా బెల్లం పెట్టమంటే చెయ్యి వణికింది ఆయనకి, పాపం."

"ఎవరికి?"

"ఆయనకి. మా ఆయనకి."

"మరి నేనో? నేనెక్కడున్నాను ఆ పెళ్ళిలో?"

అతను ఆమెని కాసేపు పరీక్షగా చూశాడు. పరాయివాళ్ళ ముఖం గుర్తుపట్టలేక మొహమాటపడేవాళ్ళు చూసినట్టు చూశాడు.

"మీరు కూడా వచ్చారా అండీ పెళ్ళికి?"

ఆమె బయటికొచ్చి వరండా గోడకి ఆనుకుంది. ఎంత తేలికైన సంగతి! ఇన్ని రోజులుగా ఎలా తట్టలేదు? గొడుగు కింద ఆమె చూసింది అతన్ని. బకెట్టు కొన్న రోజున చూసింది అతన్ని. పెళ్ళిపీటల మీద చూసింది అతన్ని. ఎవరి జ్ఞాపకంలో వాళ్ళ ముఖం వాళ్ళకి కనబడదు. ఆమె అతనికి డెబ్బై ఒక్క రోజులు ఇచ్చింది. ఒక్క రోజులోనూ ఆమె లేదు. అన్ని రోజుల్లోనూ ఉన్నది అతనే, ఎదురుగా, ఆమె ప్రేమించిన మనిషిగా.

మరి ఆ ప్రేమించిన మనిషి కోసం ఇప్పుడు లోపల కూచుని ఎదురుచూస్తున్నది ఎవరు?

ఆ ప్రశ్నకి జవాబు ఆ సాయంత్రమే దొరికింది. అయిదున్నరకి, ఆఫీసు వదిలే వేళకి, మద్దిలేటి కిటికీ దగ్గర చేరాడు. దుప్పటి అంచు చదును చేస్తూ మాటిమాటికీ గేటు వైపు చూశాడు.

"ఏమి నాయనా, ఎవరి కోసం సూస్తాండావు?" అంది సుంకులమ్మ.

"మా ఆయన ఇంకా రాలేదండీ. ఎప్పుడూ లేటే," అన్నాడు ముద్దుగా విసుక్కుంటూ.

సుంకులమ్మ చేతిలో గిన్నె ఒరిగి బొరుగులు నేలంతా పరుచుకున్నాయి. అత్తా కోడలూ వంగి ఏరుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఎనభై నాలుగో రోజున కార్డుల పరీక్షలో ముప్పై ఎనిమిది ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. ఇందుమతి ఫలితాల కాగితం చూపిస్తుంటే హైమ దాన్ని పట్టుకోలేదు.

"మేడం, ఆ రోజు మాస్టారు గారు ఒక మాట అడిగారు గుర్తుందా? మాస్టారు ఎక్కడ, అని."

"అది సరదాకి..."

"ఎవరైనా వెతికారా ఆయన్ని?"

ఇందుమతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కార్డుల మీద అన్నీ వస్తువుల, జంతువుల బొమ్మలే. గిన్నె, తాళం, మేక. 'నువ్వెవరు' అని అడిగే కార్డు ఆ నలభైలో లేదు. పదేళ్ళుగా లేదు.

"విప్పితే ఏమవుతుందో తెలుసా?" అంది చివరికి. "మాట పోతుంది, నడక పోతుంది. మొదటి రోజుకి వెళ్ళిపోతారు. అల్లిక కింద ఆయనది అంటూ ఏదైనా మిగిలి ఉందో లేదో నాకు తెలియదు. మిగలకపోతే, ఆ ఖాళీ కళ్ళే జీవితాంతం."

ఈ మాట విని సుంకులమ్మ హైమ చెయ్యి పట్టుకుంది. మొదట అనుమానించిన మనిషే ఇప్పుడు ప్రాధేయపడింది. "వద్దు మ్మా. ఎవరి మాట మాట్లాడితే ఏం, మాట్లాడుతుండాడు గదా! మళ్ళ వాన్ని ఆ మంచంలో అట్ల నేను సూడల్యాను. నీకు మొక్కుతా."

"నేను కూడా చూడలేను అత్తమ్మా. కానీ కింద ఆయనుంటే? మనం మీద కూచుని తొక్కేస్తుంటే?"

ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి దారి ఒక్కటే కనబడింది. యంత్రాన్ని తిరగేసి నడపాలి. అతని నుంచి ఆమెకి. ఇంతకుముందెవరూ అలా నడపలేదు. దెబ్బతిన్న మెదడులోని చీకటి ఆమెలోకి ఎంత వస్తుందో ఇందుమతికి కూడా అంచనా లేదు. అల్లిన చోట్లు వదిలి, అల్లిక తగలని మూలల్ని మాత్రమే తడుతూ, రెండు నిమిషాలు. అంతకు మించితే ఒప్పుకోనంది.

ఎనభై ఆరో రోజు ఉదయం హైమ టోపీ పెట్టుకుంది.

మొదట ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంటే ఏమిటో ఆమెకి అంతవరకు తెలీదు. చీకటి అంటే కనీసం నల్లగా ఉంటుంది. ఇది నలుపు కూడా కాదు. తన పేరు ఏదో తనకి తట్టలేదు. చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు. అరవాలనుకుంది. అరవడం ఎలాగో గుర్తురాలేదు.

అప్పుడు పొగ వాసన వచ్చింది. కట్టెల పొయ్యి. తను చాలా పొట్టిగా ఉంది. ఎదురుగా వయసులో ఉన్న సుంకులమ్మ, నీళ్ళలో నానిన బొరుగుల్ని పిండుతోంది. పొట్టి చెయ్యి ఒకటి బాణలి వైపు సాగింది. సుంకులమ్మ తన చెయ్యి అడ్డం పెట్టింది. నూనె చిందింది. "ఏం కాల్యా నాయనా, ఏం కాల్యా," అని నవ్వింది, పెదవి కొరుక్కుంటూ.

అది చెదిరిపోయింది. తర్వాత ఒక వంటిల్లు. రెండు చీటీల డబ్బా. పొయ్యి దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. జడ సగం ఊడిపోయింది, గరిటె గాల్లో తిప్పుతూ ఆగకుండా మాట్లాడుతోంది. నవ్వితే ముక్కు మీద ముడతలు పడుతున్నాయి. ఎవరీ వాగుడుకాయ అనుకుంది హైమ. అనుకుంటుండగానే, లోపల్నుంచి మరో గొంతు వెచ్చగా గొణిగింది. *ఈ పిల్ల కొంచేపు నోరు మూస్తే బాగుండు. వద్దులే, మూయొద్దు.*

టోపీ తీసేశారు. పది నిమిషాల వరకు ఆమెకి మాట రాలేదు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళలో స్పర్శ పోయింది. ఇచ్చిన నీళ్ళ గ్లాసు కింద పడేసుకుంది. నోరు పెగలగానే అత్తగారి కుడి చెయ్యి అందుకుని, మోచేతి దగ్గర నిగనిగలాడుతున్న పాత మచ్చని నిమిరింది.

"ఇది బాణలి నూనె, కదా? ఆయన చెయ్యి పెడతాడని అడ్డం పెట్టారు. ఏం కాల్యా నాయనా అన్నారు."

ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తాగి వచ్చిన మొగుడు పిల్లాన్ని కొడతాడని, నీళ్ళ కాగు తగిలిందని చెప్పి ఊరుకుంది. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలాడించింది. విప్పమని.

ఎనభై తొమ్మిదో రోజున మంచం పక్కకి యంత్రం తెచ్చారు. మద్దిలేటి ఒకసారి యంత్రాన్ని, ఒకసారి హైమని చూశాడు. అతనికి అర్థమైంది.

"నన్ను తీసేస్తారా?" అన్నాడు. "నేనేటి చేశాను? ఆయన వచ్చేసరికి నేనుండాలి కదండీ. లేటుగా వస్తారు గానీ వస్తారు. నేను లేకపోతే కంగారు పడిపోతారు."

హైమ మంచం మీదకి వంగింది. అతని కళ్ళలోంచి తననే బతిమాలుతున్నది తనే. డెబ్బై ఒక్క రోజుల కొత్త పెళ్ళికూతురు. గొడుగు కోసం, బకెట్టు కోసం సంబరపడిన పిచ్చిది. దానికేం తెలుసు పాపం, తానొక పందిరినని. వద్దు, ఆపేయండి అని అరవడానికి నోరు తెరిచింది కూడా.

"ఆయన వస్తారు," అంది. "ఇక్కడే ఉన్నారు. నువ్వు కాస్త జరగాలమ్మా, అంతే."

చల్లటి టోపీ అతని తల మీద పెట్టింది ఆమే. బకిల్ బిగించింది ఆమే. అతను ఎడమ చెయ్యెత్తి లేని జడని వెనక్కి వేసుకోబోయాడు. చెయ్యి సగంలోనే ఆగి, మెల్లిగా పరుపు మీదకి వాలింది.

ఆ తర్వాత కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటి వెనక ఎవరూ లేరు.

విప్పాక పది రోజులు. ఇరవై. ముప్పై. ఇందుమతి మిగతా జంటల అల్లికలన్నీ ఆపించింది. తాను ఆపగలిగినవి మాత్రమే. మాస్టారి తొంభై రోజులు ఎప్పుడో దాటిపోయాయి. హైమ డైరీలో గీతలే ఉన్నాయి, పువ్వులు లేవు. ఉదయం లేవగానే ఒకటే భయం. తాను చూసింది చివరి మెరుపేమో, విప్పినప్పుడు అది కూడా ఊడి వచ్చేసిందేమో. ఆ పిచ్చిదాన్ని చంపి తాను ఎవర్నీ బతికించలేదేమో. మధ్యాహ్నం పూట సుంకులమ్మ రెండు అరచేతుల్లో బొరుగులు పోసేది. ఒకటి కొడుకుది, ఇంకోటి కోడలిది. స్పర్శ లేని రెండు వేళ్ళతో హైమ ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసేది. అతని చెయ్యి కదిలేది కాదు. ముప్పై నాలుగో రోజున కదిలింది. ఒక్క గింజ. అత్తా కోడలూ దాని గురించి మాట్లాడుకోలేదు, ఎక్కడ దిష్టి తగులుతుందోనని.

నలభై మూడో రోజున ఇందుమతి తెర తెచ్చి ఎదురుగా పెట్టింది. గిన్నె, తాళం, మేక. అతను చూడను కూడా చూడలేదు. కార్డు వెనక కార్డు ఎర్ర దీపాలు వెలుగుతూ పోయాయి. ఇరవై రెండు దీపాలు. ఇరవై మూడో బొమ్మ వచ్చింది.

అతని కనుబొమ్మల మధ్య ఒక ముడి పడింది. గొంతులో ఏదో గీసుకుంది.

"బొ."

హైమ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"బొ... రు... గులు."

ఎర్ర దీపం వెలిగింది. "తప్పు. మళ్ళీ ప్రయత్నించండి," అంది తెర.

సుంకులమ్మ ఏడుస్తూ లేవబోతే హైమ కొంగు పట్టుకుని ఆపింది. ఇది తల్లి నేర్పిన మాట. చిన్నప్పటి మాట. అతనిలో తను ఉందా లేదా అన్నది దీంతో తేలదు. అడక్కుండా ఉంటే ఇంకో రోజు ఆశతో బతకొచ్చు. అయినా ముందుకి వంగి, అతనికి వినపడేలా అంది.

"కాదు. మరమరాలు."

అతను మెల్లిగా తల తిప్పాడు. ఆ చూపు ఆమె ముఖం మీదకి వచ్చి, నుదురు దగ్గర తడబడి, ముక్కు మీదకి దిగి ఆగింది. చాలాసేపు ఆగింది. కింది పెదవి వణికింది. ఎత్తు పళ్ళు రెండు బయటపడ్డాయి.

"బొరుగులు..." అన్నాడు చిరాగ్గా, "మే."

తెర మీద మళ్ళీ ఎర్ర దీపం వెలిగింది.